ఒకసారి చెప్తే చదువుతాను

కరోనా వచ్చిన ఏడాది, దసరాకి నాలుగు రోజుల ముందు, సత్తిరాజు గారి చెరువులోకి రొయ్యపిల్ల వదిలాం. ఆ సాయంత్రమే నా పెద్ద ఫోను మా ఆవిడ ప్రసన్న చేతిలో పెట్టి, పాత మీటల ఫోను జేబులో వేసుకుని, చెరువు గట్టు మీది మకాం పాకలోకి మారిపోయాను. పిల్ల వదిలిన దగ్గర్నుంచి రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా మూడు నెలల పైమాటే. మేత వేయడం, నీళ్లు చూడడం, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో ఆగాయో కనిపెట్టుకుని ఉండడం, కాపలా, అన్నీ నావే. ఇంటికి వచ్చేది ఆదివారం పూట, గుడికి వెళ్లడానికి. తక్కిన రోజుల్లో మా ఆవిడో, కూతురో అన్నం క్యారేజీ పట్టుకొస్తే గట్టు మీదే మాటలు.

ఫోను ఇంట్లో వదిలేయడం నాకు చిన్న సంగతేం కాదు. కొన్న దగ్గర్నుంచీ అది నా జేబు దాటి ఎరగదు. కానీ మా క్రిస్టినా చదువు ఇప్పుడు అందులోనే ఉంది. ఒకటో తరగతి ఆఖరి పరీక్షలు జరక్కుండానే బడి మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. ఈలోగా కాన్వెంటు వాళ్లు రెండో తరగతి పాఠాలు ఫోనులో మొదలుపెట్టారు. దుర్గాశ్రీ మేడమ్ పొద్దున్నే పాఠం చదివి వీడియో పంపిస్తారు. పిల్లలు అది విని, వాచకం చూసి చదివి, గొంతు రికార్డు చేసి పంపాలి. బోర్డు మీద రాసింది ఫోటో పెడతారు. అది చూసి నోటు పుస్తకంలో రాసి మళ్లీ ఫోటో పంపాలి. పక్కన తల్లో తండ్రో కూర్చోకపోతే ఆ వయసు పిల్లలు కుదురుగా ఉండరని మేడమ్ మరీ మరీ చెప్పారు.

"నువ్వు కూర్చో," అన్నాను ప్రసన్నతో.

"నేనాండీ?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు? ఏడో క్లాసు దాకా చదివావు. రెండో క్లాసు పిల్లకి ఆ మాత్రం చెప్పలేవా?"

ప్రసన్న చేతిలో ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీరే సాయంత్రం పూట ఓ గంట వచ్చి చెప్పకూడదా?" అంది.

"సాయంత్రం మేత లేదని రొయ్యలకి ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా?" అన్నాను. నా మాటకి నేనే నవ్వుకున్నాను. ఆమె నవ్వలేదు. నాకు అక్కర్లేనివి చూడకపోవడంలో నన్ను మించినవాడు లేడు. బట్టలు సంచీలో కుక్కుకుని వెళ్లిపోయాను.

ప్రసన్న అప్పటిదాకా రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికెళ్లేది. పిల్ల చదువు కోసం ఆ పని మానేసింది. మానెయ్యమని నేను చెప్పలేదు. తనే మానేసింది.

*

నెల తిరక్కుండానే ఏరియేటర్ మోటారు ఒకటి కాలిపోయింది. బాగు చేయించడానికి భీమవరం తీసుకెళ్తూ, ఓ బుధవారం పొద్దున దారిలో ఇంటి దగ్గర ఆగాను. ఆగి, గుమ్మంలోనే నిలబడిపోయాను.

మా ఇంట్లో సిగ్నలు దొరికేది వంటింటి కిటికీ దగ్గర ఒక్కచోటే. కిటికీ అరుగు మీద బియ్యం డబ్బా, డబ్బాకి ఆనించి ఫోను. దాని ముందు పీట మీద క్రిస్టినా, ఒళ్లో తెలుగు వాచకం. వెనకాల ప్రసన్న, పిల్ల రెండు భుజాల మీదా చేతులు వేసి. ఫోనులో మేడమ్ చదువుతున్నారు.

"మా ఊరి సంత. మంగళవారం నాడు మా ఊళ్లో సంత జరుగుతుంది. అమ్మతో కలిసి నేనూ సంతకు వెళ్లాను."

ప్రసన్న వీడియో ఆపింది. "అను," అంది.

క్రిస్టినా అంది. మధ్యలో తడబడింది.

"మళ్లీ విను." వీడియో మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ ఆపింది. మళ్లీ అనిపించింది. విసుగు లేదు, గొంతు పెంచడం లేదు. నాలుగోసారికి మేడమ్ ఎక్కడ ఆగారో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు లేపారో అక్కడ లేపి, అచ్చం మేడమ్‌లాగే అప్పజెప్పేసింది పిల్ల.

"ఇప్పుడు వేలు పెట్టి చదువు."

వాచకం మీద వేలు పెట్టింది. వేలు వరస వెంట జరుగుతూ పోయింది. గొంతు గలగలా సాగిపోయింది. ఒక్క తప్పు లేదు. రికార్డు చేసి పంపారు. కాసేపటికి ఫోను టింగుమంది.

"అమ్మా, స్టార్లొచ్చాయి! ఐదు!"

నేను గుమ్మంలోంచే చప్పట్లు కొట్టాను. ప్రసన్న ఉలిక్కిపడి లేచింది. "మీరెప్పుడొచ్చారు?" అంది. మొహం పాలిపోయింది. భయపెట్టానేమో అనుకుని నవ్వేశాను.

నిజం చెప్పాలి. ఆమె పడిన శ్రమలో సగం కూడా నేను పడి ఉండేవాణ్ణి కాదు. రాత కూడా అలాగే చేయించింది. ఫోటోలో ఉన్న అక్షరాల్ని చూసి పిల్ల బొమ్మ గీసినట్టు నోటు పుస్తకంలో గీసేది. వంకర పోతే ప్రసన్న చెరిపించేది. ఆ పుస్తకం చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. మేడమ్ దాన్ని ఫోటో తీయించి తక్కిన పిల్లల తల్లులందరికీ పంపారట.

నేను ఆగుతానా? గట్టు మీదికి వచ్చినవాళ్లకల్లా చెప్పాను. మేత కంపెనీ కుర్రాడికి చెప్పాను. పక్క చెరువు కాపలాదారు బుల్లియ్యకి చెప్పాను. ఓ రోజు సత్తిరాజు గారు చెరువు చూడటానికి వచ్చేసరికి క్రిస్టినా క్యారేజీ తెచ్చి అక్కడే ఉంది. "రాజుగారికి పాఠం చదివి వినిపించు" అన్నాను. వాచకం కూడా అక్కర్లేకుండా చెప్పేసింది.

"భలే పిల్లరా పాలూ!" అన్నారాయన నాతో. "మా పిల్లాడు గణేష్‌బాబు గాడికి ఇంత పలకంత ఫోను కొనిచ్చాం. భీమవరం నుంచి మాస్టారొకాయన ఇంటికొచ్చి చెప్తారు. ఆయన బండి చప్పుడు వినపడితే చాలు, మంచం కిందకి దూరిపోతాడు. మీ పిల్లకి ఎవరు చెప్తున్నారు?"

"మా ఆవిడేనండి. ఏడో క్లాసు దాకా చదివిందండి."

"తల్లి చదువుకుంటే ఇంటికి అదే ఎంతో మేలు," అన్నారు సత్తిరాజు గారు. ఆ మాట రెండు వారాలు నెమరేసుకున్నాను.

*

క్రిస్మస్‌కి గుళ్లో ఎప్పుడూ ఓ చిన్నపిల్లో పిల్లాడో లేచి ఆ పండగనాటి వాక్యం చదవాలి. ఆ ఏడాది క్రిస్టినాని చదివించమని స్త్రీల సమాజం పెద్ద సంపూర్ణమ్మ గారు అడిగారు. ప్రసన్న వద్దంది. "చిన్నపిల్లండి, భయపడుద్దండి," అంది. నేను ఒప్పుకోలేదు. భయపడేదే అయితే మేడమ్ దగ్గర స్టార్లెలా తెచ్చుకుంటుందన్నాను. సంపూర్ణమ్మ గారు ఆ వాక్యం చదివి ఫోనులో పంపారు. వారం రోజులు మా వంటింట్లో అదే వినపడిందట.

పండగ రోజు క్రిస్టినా తెల్ల గౌను వేసుకుని, పెద్ద పుస్తకం రెండు చేతులా పట్టుకుని వచ్చింది. పాస్టరు అయ్యగారు దాన్ని బల్ల మీద పెట్టి తెరిచి ఇచ్చారు. మునివేళ్ల మీద నిలబడి, వేలు పెట్టి, గుడంతా నిశ్శబ్దమైపోయేలా చదివింది. మాస్కుల పైనుంచి ముసలమ్మలు కళ్లు తుడుచుకోవడం చూశాను. నాకూ ఆగలేదు. పదో తరగతి రెండోసారికి గట్టెక్కినవాణ్ణి, నా కూతురు ఇంత దూరం వచ్చిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మా గుళ్లో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. ప్రసన్న ఎక్కడుందో నాకు కనపడలేదు. బయటికొచ్చాక అందరూ ఆమె చేతులు పట్టుకుని మెచ్చుకుంటుంటే తల వంచుకుని నిలబడింది. అణకువ అనుకున్నాను.

*

జనవరి రెండో వారంలో చెరువు నీళ్ల రంగు తేడాగా ఉందని సత్తిరాజు గారు ఒక కొత్త మందు పంపించారు. తవుడులో, బెల్లం పాకంలో కలిపి ఓ పూట పులియబెట్టి చెరువంతా చల్లాలి. మధ్యాహ్నం మకాం ముందు కూర్చుని బెల్లం పిసుకుతున్నాను. మోచేతుల దాకా పాకమే. అప్పుడే క్రిస్టినా క్యారేజీ తీసుకుని వచ్చింది.

"అమ్మడూ, ఆ ప్యాకెట్టు వెనకాల తెలుగులో రాసుంటది చూడు. ఎకరానికి ఎంత కలపాలో కొంచెం చదివి చెప్పు."

పిల్ల ప్యాకెట్టు తీసుకుంది. వెనక్కి తిప్పింది. వేలు పెట్టింది.

"మా ఊరి సంత. మంగళవారం నాడు మా ఊళ్లో సంత జరుగుతుంది. అమ్మతో కలిసి..."

నాకు నవ్వొచ్చింది. "ఆటలొద్దమ్మా. ఇక్కడ పనుంది. అందులో ఏముందో చదువు."

మళ్లీ వేలు పెట్టింది. ఈసారి క్రిస్మస్ నాడు గుళ్లో చదివిన వాక్యం వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు. వేలు మాత్రం మందు ప్యాకెట్టు మీద ఎడమ నుంచి కుడికి బుద్ధిగా జరుగుతూ ఉంది.

గోనెపట్టాకి చేతులు తుడుచుకుని పక్కకి వచ్చాను. మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. "ఇదేంటి?"

అది ప్యాకెట్టు వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. భయం కానీ, సిగ్గు కానీ ఏమీ లేదు ఆ కళ్లలో.

"ఒకసారి చెప్పు నాన్నా, చదువుతాను."

"చెప్తే ఎవరైనా చదువుతారే. చెప్పకుండా చదవాలి."

"చెప్పకుండా ఎలా చదువుతారు?" అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "నాకు మేడమ్ చెప్తారు. అమ్మకి గుళ్లో అయ్యగారు చెప్తారు. అప్పుడు చదువుతాం కదా."

నేను ప్యాకెట్టు తీసుకుని ఎకరానికెంతో చూసుకుని మందు కలిపాను. అన్నం తిన్నాను. క్యారేజీ కడిగి పిల్లకిచ్చి, గట్టు మీద జాగ్రత్తగా నడవమన్నాను. మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ బెల్లం ముందు కూర్చున్నాను.

పదేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. మా వాళ్లలో పెళ్లిచూపులంటే పిల్ల చేత పాట పాడించరు. వాక్యం చదివిస్తారు. మా నాన్న పుస్తకం ఇచ్చి, "నీకు నచ్చింది చదువమ్మా" అన్నాడు. ప్రసన్న తెరిచి, ఒక కీర్తన మొదట్నుంచి చివరిదాకా తేనె పోసినట్టు చదివింది. మా అమ్మ అక్కడికక్కడే ఒప్పేసుకుంది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పిందో లేదో ఆ రోజు ఎవరు చూశారు? నేనైతే ఆమె మొహమే చూశాను.

తర్వాతి ఆదివారం గుళ్లో నా చోట కూర్చోలేదు. ఉక్కగా ఉందని చెప్పి ఆడవాళ్ల వరసల పక్కనున్న కిటికీ దగ్గర నిలబడ్డాను. జనవరిలో ఉక్కేంటని కూడా ఎవరూ అడగలేదు. అయ్యగారు వాక్యం చదువుతున్నారు. ప్రసన్న ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. పెదాలు అయ్యగారితో సమంగా కదులుతున్నాయి. వేలు వరస వెంట జరుగుతోంది. వంగి చూశాను. అయ్యగారు చదువుతున్న మాటలు ఆ పేజీలో ఎక్కడా లేవు.

*

పిల్లకి నేనే అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు గట్టు మీద కూర్చోబెట్టి, తడి మట్టిలో పుల్లతో రాసి చూపించేవాణ్ణి. రొయ్యల్ని పెంచినంత ఓపిక నాకు పిల్లని పెంచడంలో లేదని అప్పుడు తెలిసింది. రెండో తరగతి పిల్ల, మేడమ్ స్టార్లిచ్చిన పిల్ల, 'ల'ని చూసి 'అ' అంటే నాకు ఒళ్లు మండిపోయేది. క్రిస్టినాకి అర్థమయ్యేది కాదు. అంతకాలం అందరూ మెచ్చుకున్న పనికి నాన్న ఎందుకు అరుస్తున్నాడో తెలియక బిక్కమొహం వేసుకునేది. అక్షరం చూడటం మానేసి నా పెదాలు ఎప్పుడు కదులుతాయా అని చూసేది. ఓ రోజు చెయ్యి చేసుకున్నాను.

ఆ మర్నాడు క్యారేజీ ప్రసన్న తెచ్చింది.

"దాన్ని కొట్టకండి," అంది.

"మూడు నెలలు పక్కన కూర్చున్నావు. పిల్లకి ఒక్క అక్షరం రాదని నీకు తెలీలేదా?"

ఇంకొక్క ప్రశ్న నా నోటి చివరిదాకా వచ్చింది. దానికోసమే కాచుకున్నట్టు ఆమె అలాగే నిలబడింది. నేను మేత బస్తా భుజాన వేసుకుని మేత చల్లే పడవ వైపు వెళ్లిపోయాను.

ఆమె మీద జాలితో అడగలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది జాలి కాదు. అడిగితే నిజం చెప్పేస్తుంది. చెప్పేస్తే, ఊరంతా గొప్పలు చెప్పుకు తిరిగిన నా మొహం ఏమవుతుందా అని. పదేళ్లు పక్కన పడుకున్న మనిషి గురించి ఇంత మాత్రం తెలుసుకోలేని మొగుణ్ణని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

ఆమెకి కూడా తెలుసు, నాకు తెలిసిపోయిందని. గుళ్లో కిటికీ దగ్గర నన్ను చూసింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆమె పుస్తకం తెరవలేదు. ఒళ్లో మూసి పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందనీ, పిల్లకి జలుబు చేసిందనీ మాట్లాడుకున్నాం.

జనవరి ఆఖరి వారంలో పట్టుబడి అయింది. పంట బాగా వచ్చిందని సత్తిరాజు గారు నాకు కొత్త చొక్కా పెట్టారు. సంచీ సర్దుకుని ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాతి సోమవారం చిన్న తరగతుల పిల్లలకి బడి తెరిచారు. గురువారం దుర్గాశ్రీ మేడమ్ ఫోను చేశారు. "మీరిద్దరూ ఒకసారి రండి," అన్నారు.

*

బడి వదిలేశాక వెళ్లాం. క్రిస్టినాని వరండాలో కూర్చోబెట్టాం. మేడమ్ చాలా చిన్న వయసు మనిషి. కొత్తగా పెళ్లయినట్టుంది, చేతుల నిండా గాజులు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోమని, తను మాత్రం చాలాసేపు నిలబడే ఉన్నారు.

"తప్పు నాది కూడా ఉందండి," అన్నారు. "గొంతు విని మార్కులేశాను. అంత బాగా చెప్తుంటే చదువుతోందనే అనుకున్నాను. ఈ మూడు రోజులూ తెలియని పాఠం ఇచ్చి చూశానండి. ఒత్తులు, గుణింతాలు సరే, అక్షరాలే రావట్లేదు. గట్టు మీద నేర్పారని చెప్పింది, ఓ పదో పన్నెండో గుర్తుపడుతోంది. ఇంతలా విని గుర్తుపెట్టుకునే పిల్లని నేనింతవరకూ చూడలేదండి. అందుకే ఒకటో తరగతిలో కూడా ఎవరికీ తెలీలేదు."

"ఇప్పుడేం చేయాలండి?" అన్నాను.

"ఈ ఏడాది ఎవర్నీ ఆపకూడదని రూలండి. ఇలాగే ఉంచితే వేసవి సెలవులయ్యాక మళ్లీ బడి తెరిచేసరికి మూడో తరగతికి వెళ్లిపోద్ది. లేదంటే ఇప్పట్నుంచే ఒకటో తరగతిలో కూర్చోబెట్టి మొదట్నుంచి నేర్పిస్తాను. కానీ అలా వెనక్కి కూర్చోబెట్టాలంటే మీరే ఇష్టపడి కాగితం రాసివ్వాలి. మేం బలవంతం చేయకూడదు."

నాకు ఒకటో తరగతి గది కనపడుతోంది. చిన్న చిన్న బల్లలు. వాటి మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న నా కూతురు కనపడింది. సంపూర్ణమ్మ గారు కనపడ్డారు, బుల్లియ్య కనపడ్డాడు, సత్తిరాజు గారు కనపడ్డారు.

"మూడుకే పంపించేయండి మేడమ్," అన్నాను. "ఇంటి దగ్గర నేను చూసుకుంటాను. తెలివైన పిల్లండి, మెల్లిగా అందుకుంటది."

మేడమ్ తలూపబోయారు.

"వద్దండి," అంది ప్రసన్న.

అంతసేపట్లో ఆమె మాట్లాడటం అదే మొదలు. మేడమ్ వైపే చూసింది. నా వైపు చూడలేదు.

"నన్నలాగే పంపించేశారు మేడమ్. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి. మాస్టారు ఒకసారి చదివితే నాకొచ్చేసేది. లేచి నిలబడి చెప్పేసేదాన్ని. బాగా చదువుతోంది అనేవారు. రాత పక్కపిల్ల పలకలో చూసి గీసేసేదాన్ని. ఏడో క్లాసులో పబ్లిక్ పరీక్షన్నారు. వేరే ఊళ్లో, తెలీని పిల్లల పక్కన కూర్చోబెడతారన్నారు. ఆ భయానికి జ్వరమని చెప్పి మానేశాను. మా అమ్మకి కూడా చెప్పలేదండి."

నేను నేల వైపు చూస్తున్నాను.

"పాప చదువుతుంటే నాలాగే ఉందే అనిపించేది మేడమ్. కానీ మీరు స్టార్లు పంపించేవారు. చదువుకున్న మేడమ్ బాగుందంటున్నారు కదా, నాకేం తెలుసు అనుకునేదాన్ని. నాకొచ్చిన పద్ధతి అదొక్కటేనండి. అదే నేర్పాను. ఏడేళ్లు బల్ల మీద కూర్చున్నాను మేడమ్. రోజూ భయమే. ఇవాళ నా పేరు పిలుస్తారేమో, ఇవాళ తెలిసిపోద్దేమో అని. పెళ్లయ్యాక కూడా అదే భయం. నా కూతురికి అది వద్దండి. ఏడిస్తే ఏడవనీయండి. ఒకటో క్లాసులోనే కూర్చోబెట్టండి."

బయట వరండాలో క్రిస్టినా ఏదో పాట తనలో తను పాడుకుంటోంది. నాకు సిగ్గు వేసింది. ఆమెకి చదువు రానందుకు కాదు. పదేళ్ల కాపురంలో ఈ నాలుగు మాటలు నాతో అనలేక, పరాయి మనిషైన మేడమ్ ముందు అనాల్సి వచ్చినందుకు. అనలేని మనిషిగా చేసింది నేనే. ఏడో క్లాసు, ఏడో క్లాసు అని ఊరంతా తిరిగి చెప్పి, ఆమెకి తప్పుకోవడానికి దారి లేకుండా చేశాను.

"మీ ఇష్టం ఏంటండి?" అని మేడమ్ నన్నడిగారు.

"ఆవిడ చెప్పినట్టే," అన్నాను.

దుర్గాశ్రీ మేడమ్ సొరుగులోంచి తెల్లకాగితం తీసి రాశారు. ఓ పది వరసలుంటుంది. కింద మా ఇద్దరి పేర్లూ రాసి, గీతలు గీసి, కాగితం ప్రసన్న వైపు తిప్పి జరిపారు. పైన పెన్ను పెట్టారు.

అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను, చదివి చూద్దామని. ఇంట్లో ఏ కాగితం వచ్చినా చూసేది నేనే. "మీరు చూడండి, నాకు పొయ్యి మీద పనుంది" అనేది ఎప్పుడూ. ఈసారి ప్రసన్న కాగితం నాకివ్వలేదు. అరచెయ్యి దాని మీద పెట్టి ఆపింది. కాసేపు ఆ అక్షరాల వైపే చూసి, కాగితాన్ని మళ్లీ మేడమ్ ముందుకి జరిపింది.

"చదివి వినిపించండి మేడమ్," అంది. "నాకు చదవడం రాదు."

మేడమ్ కుర్చీ ముందుకి లాక్కుని చదివారు. తొందరపడకుండా, ప్రతి మాటా విడివిడిగా చదివారు. ప్రసన్న పెదాలు కదపకుండా చివరిదాకా విన్నది.

"ఒకటో క్లాసు అన్న మాట ఎక్కడుందండి?" అని అడిగింది.

మేడమ్ చూపించారు. ప్రసన్న వంగి ఆ మాట చూసింది. చూసి, పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.